వాసన తెలియని గ్యాసు మేస్త్రీ

ఆర్విడ్ నైగార్డ్ అమెరికా ఉత్తరపు కొసనున్న డలూత్ ఊళ్లో ముప్పై ఎనిమిదేళ్లు గ్యాసు పని చేశాడు. ఇళ్లకు గొట్టాలు వెయ్యడం, పొయ్యిలు బిగించడం, చిల్లుపడ్డ గీజర్లు పీకి కొత్తవి పెట్టడం ఆయన పని. ఆ ఊళ్లో జనవరి నెలలో ఇంట్లో వేడినీళ్లు ఆగిపోతే జనం డాక్టరుకన్నా ముందు ఆయనకు ఫోను చేసేవారట. ఈ సంగతి నాకు చెప్పింది ఆయన భార్య లవాన్. ఆయన తన గురించి తాను చెప్పుకునే మనిషి కాదు. పది మాటలు పలకాల్సిన చోట రెండు పలికి ఊరుకుంటాడు.

వాళ్లు నాకు న్యూమెక్సికో ఎడారిలో, డెమింగ్ పక్కనున్న మా ఇంటిబళ్ల బసలో పరిచయమయ్యారు. ఉత్తరాది మంచుకు తాళలేని మాలాంటి పెద్దవాళ్లం నవంబరులో ఇక్కడ దిగుతాం, మార్చిలో లేస్తాం. వాళ్ల బండి పదకొండో నంబరు చోట ఉండేది, నాది పన్నెండు. బండి అంటే నేను ఒకప్పుడు నడిపిన బస్సంత ఉంటుంది. అందులోనే మంచం, వంటిల్లు, స్నానాల గది. గోడలో ఇమిడిపోయిన చిన్న గీజరొకటి నీళ్లు కాస్తుంది.

వాళ్లు వచ్చిన రెండో చలికాలం, ఒక ఉదయం లవాన్ మంచం దిగి తడి తివాచీ మీద కాలు పెట్టింది. ఆర్విడ్ బయటికి వచ్చి బండి పక్కనున్న చిన్న తలుపు తెరిచి, టార్చి వేసి చూశాడు. నేను కాఫీ కప్పుతో అక్కడే ఉన్నాను.

"ట్యాంకు తుప్పుపట్టింది. దీని పనైపోయింది. ఊళ్లో మెకానిక్కుకి ఫోన్ చెయ్యి" అన్నాడు.

"ఎవరికీ?" అంది లవాన్.

"మెకానిక్కుకి."

"మంగలి తన గడ్డానికి పక్కూరెళ్లినట్టుంది నీ యవ్వారం. వేలకి వేలు బిగించినవాడివి, మనది బిగించలేవా?"

"నేను రిటైరయ్యాను" అని ఆయన లోపలికి పోయాడు.

మెకానిక్కు మూడు వారాల దాకా కుదరదన్నాడు. అప్పటినుంచి లవాన్ కెటిల్లో నీళ్లు కాచుకుంటూ నెట్టుకొచ్చింది. ఆమెకు వేళ్ల కీళ్లు వాచే జబ్బు. ఎడారిలో పగలు ఎండ ఎంత కాసినా తెల్లవారేసరికి కుళాయి నీళ్లు సూదుల్లా గుచ్చుతాయి. గిన్నెలు కడిగాక ఆమె చేతులు చంకల్లో దాచుకుని నిలబడటం నేను కిటికీలోంచి చూసేవాణ్ని. ఆర్విడ్ కూడా చూసేవాడు. చూసి, తల తిప్పుకునేవాడు. అది నాకు వింతగా ఉండేది. ఎందుకంటే ఆయన పెళ్లాన్ని ప్రాణంలా చూసుకునే మనిషి.

నాలుగో రోజు లవాన్ నా దగ్గరికొచ్చి, "నీ కారుందిగా, లాస్ క్రూసెస్ దాకా తీసుకెళ్తావా?" అంది. మేమిద్దరం వెళ్లి అదే సైజు గీజరు అట్టపెట్టెతో సహా తెచ్చాం. ఆర్విడ్ దాన్ని చూసి మొహం ముడుచుకున్నాడు.

"ఎవరు తెమ్మన్నారు?"

"నా వేళ్లు తెమ్మన్నాయి" అంది ఆమె.

రెండు రోజులు ఆ పెట్టె అలాగే పడి ఉంది.

బుధవారం మధ్యాహ్నం మా బసలో అందరం తలా ఒక వంటకం తెచ్చి కలిసి తింటాం. లవాన్ తమ ఊరి అడవి బియ్యం సూపు చేసింది. పొయ్యి మీద పెట్టి ఎవరితోనో మాటల్లో పడిందేమో, అడుగు బాగా మాడింది. గిన్నె మూత తియ్యగానే మాడు వాసన గుప్పుమంది. మర్యాదకు తలా ఒక చెంచా తిని పక్కన పెట్టేశాం. ఆర్విడ్ మాత్రం రెండు గిన్నెలు తిన్నాడు. పైగా కళ్లు మూసుకుని, "అబ్బ! ఏం కమ్మటి వాసనే లవాన్!" అన్నాడు.

లవాన్ ఆయన వంక అలాగే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు ఉదయం ఆమె ఒక గిన్నె పట్టుకుని బయటికి వచ్చింది. ఆర్విడ్ నా పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"కళ్లు మూసుకో" అంది.

"ఎందుకూ?"

"మూసుకోమంటే మూసుకో."

కోసిన ఉల్లిపాయ ముక్క ఆయన ముక్కు కింద పెట్టింది. "ఏవిటిది?"

ఆయన కాసేపు గాలి పీల్చాడు. "కాఫీయేగా" అన్నాడు. అది కాఫీ వేళ కదా, అందుకని ఊహించి చెప్పాడు.

లవాన్ ముక్కను ఆయన ఒళ్లో పడేసింది. "ఎప్పట్నుంచి?"

నేను లేచి వెళ్లిపోబోయాను. "కూర్చోవయ్యా, సాక్షి ఉండాలి" అంది ఆమె. అప్పుడు ఆర్విడ్ చెప్పాడు. అన్ని మాటలు ఆయన నోట ఒక్కసారిగా నేనెప్పుడూ వినలేదు.

రెండేళ్ల కిందట పెద్ద జ్వరమొచ్చి తగ్గింది. దాంతో వాసన పోయింది. నాలుగు వారాల్లో తిరిగొస్తుందిలే అనుకుని ఎవరికీ చెప్పలేదు. గ్యాసుకు కుళ్లిన గుడ్ల వాసన కలుపుతారు, లీకైతే మనిషికి తెలియాలని. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆయన ముక్కు ఆ కాపలా కాసింది. వాసన పోయిన కొత్తలో ఒక ముసలావిడ ఇంటి నేలమాళిగలో గీజరు మార్చాడు. అతుకులకు సబ్బునీళ్లు పూసి బుడగలొస్తున్నాయేమో చూడాలి. ఆ రోజు తొందరలో ఒక్క అతుక్కి పూసి సరిపెట్టాడు. పనిముట్లు సర్దుకుంటుంటే ఆవిడ మెట్లు దిగి వచ్చి, "ఏవిటయ్యా ఈ కంపు, నీకు తెలీట్లేదా?" అంది. రెండో అతుకు వదులుగా ఉంది. అక్కడికక్కడే బిగించి, కిటికీలు తెరిచి, గాలి ఆడేదాకా ఆవిడతో వాకిట్లో నిలబడ్డాడు. ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడే ఉద్యోగం మానేశాడు.

"ఆవిడ కిందికి దిగకపోయుంటే?" అన్నాడు ఆర్విడ్. "లైటు స్విచ్చి వేసుంటే? రోజూ అదే అనుకుంటాను."

నా ఆలోచన ఆ ముసలావిడ దగ్గరే ఉంది. లవాన్ మాత్రం ఇంకో చోట ఆగిపోయింది.

"రెండేళ్లు. రెండేళ్లపాటు నా వంట వాసన చూసి మెచ్చుకున్నావు."

"మెచ్చుకోకపోతే ఏమైందని అడుగుతావుగా."

"దాల్చినచెక్క రొట్టె నేర్చుకోడానికి ఆర్నెల్లు పట్టింది! వాసనతో ఇల్లంతా నిండిపోయిందన్నావు. అబద్ధాలకోరు!"

బండి తలుపు ధడాలున పడింది. ఆ రోజంతా లవాన్ ఆయనతో మాట్లాడలేదు. ఎడారిలో పక్క బళ్లవాళ్ల మౌనం కూడా వినిపిస్తుంది.

తెల్లవారి తొమ్మిదింటికి ఆమె ఆర్విడ్ పాత పని కోటు తొడుక్కుని దిగింది. చేతులు మడిచినా అంచులు వేళ్లమీదికి జారుతున్నాయి. పనిముట్ల పెట్టె ఆయన కాళ్ల దగ్గర పెట్టింది.

"లే. నీకు చేతులున్నాయి, నాకు ముక్కుంది. ఒక గీజరుకి చాలవా?"

"లవాన్, గ్యాసుతో ఆటలు కాదు."

"ఆటలాడతానన్నానా? ఎక్కడ వాసన చూడాలో చెప్పు, చూస్తాను."

ఆయన చాలాసేపు ఆ పెట్టె వంక చూశాడు. తర్వాత లేచి వెళ్లి గ్యాసు సిలిండరు కట్టేశాడు.

పాత గీజరు ఊడిరావడానికి గంటన్నర పట్టింది. మరలు తుప్పు పట్టి ఉన్నాయి. చుట్టూ పట్టించిన లప్పం రాయిలా గట్టిపడింది. నేను పలుచని చాకుతో గీకాను, ఆయన లోపలినుంచి గొట్టాలు విప్పాడు. చివరికి ముగ్గురం పట్టి లాగితే బయటికి వచ్చింది. వెనక ఎలుక గూడొకటి ఉంది, అందులో లవాన్ తప్పిపోయిందనుకున్న మేజోడు.

కొత్తది పెట్టే ముందు అంచుకు మెత్తటి లప్పం అంటించి లోపలికి తోశాం. చక్కగా ఇమిడింది గానీ గ్యాసు గొట్టం రెండు వేళ్లంత పొట్టిదైంది. కొత్తదాని మూతి కాస్త ఎడంగా ఉంది. ఆర్విడ్ తిట్టుకోలేదు. పెట్టెలోంచి రాగి గొట్టం ముక్క తీసి, కొలిచి, కోసి, దాని కొసను బూర మూతిలా విప్పాడు. వేళ్లు వాటంతటవే కదులుతున్నట్టు అనిపించింది. సాయం చేద్దామని నేను నీళ్ల గొట్టాల మరలకు చుట్టే తెల్ల టేపు అందించాను.

"ఈ అతుక్కి అదెందుకయ్యా? ఇక్కడ ఇత్తడి మీద రాగి నేరుగా కూర్చోవాలి. నువ్వు బస్సు నడిపినవాడివని ఇట్టే తెలిసిపోతోంది."

రెండేళ్లలో ఆయన నన్ను వేళాకోళం చెయ్యడం అదే మొదలు. నేను చాలా సంతోషించాను.

ముందు నీళ్లు నింపాడు. నీళ్లు లేకుండా వెలిగిస్తే ట్యాంకు మాడిపోతుందట. తర్వాత సిలిండరు తిప్పి, బ్రష్షుతో ప్రతి అతుక్కీ సబ్బునీళ్లు పూశాడు. ఎక్కడా బుడగ లేదు. అప్పుడు లవాన్ వైపు తిరిగాడు.

"ఈ గ్యాసు గాలికన్నా బరువు. నేలమీదికి దిగుతుంది. కింద చూడాలి."

"నా మోకాళ్లని అడిగావా?" అంటూనే ఆమె మంచం పక్కన మోకరించి, తల నేలకు ఆనించి పీల్చింది. ఇంకాస్త ముందుకు జరిగి మళ్లీ పీల్చింది. "ఉంది. సన్నగా ఉంది."

"సబ్బునీళ్లకి ఏం రాలేదే."

"సబ్బు సంగతి నాకు తెలీదు. కుళ్లిన గుడ్డు సంగతి తెలుసు."

ఆర్విడ్ వెంటనే సిలిండరు కట్టేసి, అన్ని కిటికీలూ తెరిచాడు. గాలి ఆడాక గొట్టం వెంబడి వెనక్కి పాకాడు. జానెడు దూరంలో ఒక పాత మలుపు ఉంది. అది తాను ముట్టుకోలేదు కాబట్టి దానికి సబ్బు పూయలేదు. మేం పాత గీజరు లాగినప్పుడు అది కదిలి ఉంటుంది. గ్యాసు వదిలి అక్కడ సబ్బునీళ్లు పూస్తే ఆవగింజంత బుడగ ఉబ్బింది, పగిలింది, మళ్లీ ఉబ్బింది.

ఆయన మొహం పాలిపోయింది. రెంచి అక్కడే వదిలేస్తాడేమోనని భయపడ్డాను.

"చూశావా, పనిచేస్తోంది" అంది లవాన్ నేలమీదినుంచే.

"ఏది?"

"నా ముక్కు. ఇంకేవిటనుకున్నావు?"

ఆర్విడ్ నవ్వాడు. నవ్వుతూనే ఆ మలుపు విప్పి, కొత్తది వేసి, మళ్లీ సబ్బు పూశాడు. లవాన్ మళ్లీ పీల్చింది. మూడుసార్లు చూశాక, "ఇప్పుడు తివాచీ కంపు తప్ప ఇంకేం లేదు" అంది. గీజరు వెలిగింది. అరగంటకు ఆమె వంటింటి తొట్టి నింపి, మణికట్లదాకా చేతులు ముంచి, కడగాల్సిన గిన్నె ఒక్కటీ లేకపోయినా అలాగే నిలబడింది.

ఆ చలికాలం వాళ్లిద్దరూ మా బసలో ఇంకో రెండు గీజర్లు, ఒక పొయ్యి మార్చారు. ముట్టుకున్న అతుకైనా, ముట్టుకోని అతుకైనా ఆర్విడ్ సబ్బు పూయకుండా వదలడు. లవాన్ సరేననే దాకా వెలిగించడు.

మార్చిలో ఉత్తరానికి వెళ్లిపోయారు. మొన్న లవాన్ ఫోను చేసింది. డలూత్‌లో గ్యాసు పని నేర్చుకునే వాళ్లకు ఆర్విడ్ వారానికి రెండు రోజులు పాఠం చెబుతున్నాడట. మొదటి రోజు నిలబడి, "నాకు వాసన తెలీదు. మీకు తెలుసు కదాని మీ ముక్కుల్నే నమ్ముకోకండి" అన్నాడట.

"తరవాత గంటసేపు ఆపకుండా మాట్లాడాడంట. మా ఆయనే! నమ్ముతావా?" అంది.

నమ్ముతానన్నాను.