రెండు చెంచాల ఏకాగ్రత

నాగవేణికి మాటలతో బతికేవాళ్ళంటే మొదటినుంచీ పడదు. ఎమ్మిగనూరులో గుంత మగ్గం మీద చీరలు నేసే మనిషి. పన్నెండో ఏట గుంతలో కాళ్ళు పెట్టింది, ఇప్పుడు ముప్పై ఆరు. సంఘానికి చీర ఇచ్చే రోజు తక్కిన నేతగాళ్ళు అంచు ఇట్లా తీశాం, బుటా అట్లా వేశాం అని వర్ణిస్తుంటే, తను మడత విప్పి బల్ల మీద పరిచి పక్కకు నిలబడుతుంది. చూసుకునేవాళ్ళు చూసుకుంటారు.

అట్లాంటి మనిషి మైకులో మాట్లాడినవాడిని నమ్మింది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ ఆమెకు నోట్లో ఎంగిలి చేదవుతుంది.

కూతురు అశ్వినికి తొమ్మిదేళ్ళు, నాలుగో తరగతి. లెక్క మొదలుపెడుతుంది, సగంలో గోడ మీద బల్లి కనిపిస్తుంది, లెక్క అక్కడే ఆగిపోతుంది. అన్నం తింటూ లేచి వీధిలోకి పోతుంది, ఎందుకు పోయిందో వీధిలో నిలబడి ఆలోచిస్తుంది. ఆ ఏడు మూడు జతల చెప్పులు బడిలో వదిలేసి వచ్చింది. తెలివికి లోటు లేదు. నోటితో అడిగితే పదమూడో ఎక్కం కూడా గడగడా చెప్తుంది. కాగితం ముందు కూర్చోబెడితేనే తిప్పలు.

చదివేది ప్రైవేటు బడి. ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ శ్రీలక్ష్మి మేడం జూలైలో నాగవేణిని పిలిపించింది. "మీ పాప వల్ల క్లాసంతా పాడవుతోందమ్మా. దసరా సెలవుల్లోగా ఏదో ఒకటి చేయించండి. లేదంటే టీసీ తీసుకుని వేరే బడి చూసుకోండి."

నాగవేణి, మొగుడు బసన్న పిల్లను తీసుకుని కర్నూలు పెద్దాసుపత్రికి పోయారు. అక్కడి పిల్లల డాక్టరు తొందరపడలేదు. పిల్లతో మాట్లాడాడు, బొమ్మలు గీయించాడు, వీళ్ళను నూరు ప్రశ్నలు అడిగాడు. దీన్ని ఏడీడీ అంటారు, శ్రద్ధ ఒకచోట నిలవదు, పిల్ల పొగరూ కాదు, మీ పెంపకం తప్పూ కాదు అన్నాడు. పొద్దున గుడ్డో పప్పో కడుపునిండా పెట్టండి, రాత్రి తొందరగా పడుకోబెట్టండి, ఫోను ఇవ్వకండి, రోజూ ఆడనివ్వండి, చదువును చిన్న ముక్కలు చేసి మధ్యలో లేవనివ్వండి, బడిలో ముందు బెంచీ ఇప్పించండి అన్నాడు. రెండు నెలలకు మళ్ళీ రమ్మన్నాడు. అప్పటికీ చాలకపోతే మాత్రలు ఉన్నాయి, భయపడే పని లేదు అని కూడా అన్నాడు.

బసన్నకు ఆ చివరి మాట ఒక్కటే చెవిలో పడింది. ఆయన ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో బేళ్ళు మోసే హమాలీ. బస్సులో దారి పొడుగునా అదే గొణుగుడు. "మన పిల్లకేమన్నా పిచ్చా మే? తొమ్మిదేండ్ల పిల్లకి మెదడు మాత్రలా? ఊర్లో తెలిస్తే ఏమనుకుంటారు?"

మరునాడు నాగవేణి ముందు బెంచీ సంగతి అడగడానికి బడికి పోయింది. "మాకు అందరికీ ఒకటే రూలమ్మా" అంది శ్రీలక్ష్మి మేడం. ఆపైన చిరునవ్వుతో ఒక కాగితం చేతిలో పెట్టింది. శనివారం బడిలోనే క్యాంపు. మందులు లేకుండా, సహజంగా, పిల్లలకు ఏకాగ్రత.

క్యాంపుకు ఆదోని నుంచి రాఘవ్ అనే అతను వచ్చాడు. తెల్ల జుబ్బా, చెవి దగ్గర మైకు. ఇంగ్లీషు మాత్రలు పిల్లల మెదడును కాల్చేస్తాయన్నాడు. మన ఆకుల్లో, వేర్లలో లేనిదేముంది అన్నాడు. సరస్వతి ఆకు, అశ్వగంధ, ఇంకేవో పేర్లు చదివాడు. పాలలో ఒక చెంచా, నలభై రోజులు, పిల్ల బొమ్మలా కూర్చుంటుంది అన్నాడు. తల్లులు చప్పట్లు కొట్టారు. నాగవేణికి ఆ జుబ్బా నచ్చలేదు, ఆ మైకు నచ్చలేదు. కానీ అతను చెప్పింది సరిగ్గా ఆమె వినాలనుకున్నదే. డబ్బా కొంది.

వారం రోజులు ఒక చెంచా వేసింది. పెద్దగా తేడా లేదు. అప్పుడు ఆమె చేసిన పని మరే తల్లీ చేసి ఉండదు. నిలువు పోగుల పడుగుకు గంజి పెట్టేటప్పుడు పోగు లేతగా ఉంటే గంజి చిక్కగా కాస్తారు. చిక్కటి గంజి తాగిన పోగు, అటూ ఇటూ ఉరికే నాడె దెబ్బకు తెగదు. ఇరవై నాలుగేళ్ళుగా చేతులకు అలవాటైన లెక్క అది. పిల్ల లేత పోగు, పొడి పలచనైంది అనుకుంది. రెండు చెంచాలు వేసింది.

మూడో రోజుకు అశ్విని కుదురుకుంది. వారానికి బడిలో చేతి మీద స్టారు వేసి పంపారు. "ఇప్పుడు చూడండి, ఎంత బంగారు పిల్లో" అని మేడం ఫోను చేసింది. బసన్న మీసం దువ్వాడు. "సూసినావా? మాత్ర లేదు, ఏమీ లేదు. ఆకులప్పా ఆకులు!" పిల్ల కంచం ముందే కునుకు తీస్తుంటే బడిలో బాగా చదివి అలిసిపోయింది అనుకున్నారు. నాగవేణీ అనుకుంది. ఇల్లు నెమ్మదిగా ఉందని, మగ్గం మీద పని సాగుతోందని లోపల సంతోషపడింది కూడా. ఆ సంతోషానికి ఆమె తర్వాత తనను తాను ఎప్పుడూ క్షమించుకోలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పడుగులో ఒకేసారి నాలుగు పోగులు తెగాయి. మామూలుగా అయితే అశ్విని ఎక్కడున్నా ఉరికి వచ్చి "నేను నేను" అని వేళ్ళు పెట్టి, ఇంకో రెండు తెంపి తిట్లు తినాలి. ఆ రోజు పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని తెగిన పోగుల వైపు చూస్తోంది. కళ్ళు సగం మూసుకున్నాయి. పెదవి మూల నుంచి చొంగ కారి గౌను తడిసింది. ఈగ చెంప మీద వాలితే చెయ్యి లేవలేదు.

"అశ్వినీ! ఓ పాపా! ఇట్ల సూడు!"

పిల్ల తల పక్కకు వాలిపోయింది.

నాగవేణి గుంతలోంచి ఎట్లా బయటపడిందో ఆమెకే తెలియదు. పిల్లను భుజాన వేసుకుని ఆటోలో ఊళ్ళోని సర్కారు ఆసుపత్రికి పరుగెత్తింది. డ్యూటీలో ఉన్న సునీత డాక్టరమ్మ కళ్ళలో లైటు వేసి చూసి, "ఏం తాగించినావమ్మా?" అంది.

"ఏం లేదమ్మా. ఆకుల పొడి."

"ఉత్త ఆకుల పొడికి పిల్ల ఇట్లా అవుతుందా? నిద్రమందు ఏదో కలిసినట్టుంది. పరీక్ష చేయిస్తే గానీ గట్టిగా చెప్పలేను. ఆ డబ్బా తీసుకురా, పైవాళ్ళకు రాసి పంపుతా. ఇంకొక చెంచా కూడా వెయ్యద్దు."

మరునాటికి పిల్ల తేరుకుంది. లేవగానే ఆకలన్నది. ఆసుపత్రి మంచం కింద దూరి అక్కడున్న పిల్లిని పట్టుకుంది. నాగవేణి వరండాలోకి పోయి మొహం కడుక్కుంది.

డబ్బా డాక్టరమ్మకు ఇచ్చేముందు ఆమె ఇంట్లో గుప్పెడు పొడి తీసి పక్కన పెట్టుకుంది. చిటికెడు నీళ్ళలో కలిపి రెండు వేళ్ళ మధ్య రుద్దింది. వేళ్ళు అతుక్కున్నాయి. పొయ్యి మీద కాచింది. బుడగలు వచ్చాయి, చిక్కబడింది, అడుగు పట్టింది. నాలుగు పోగులకు పట్టించి ఎండలో కట్టింది. గంటలో పోగులు పుల్లల్లా బిగిశాయి. కళ్ళకు గంతలు కట్టి అడిగినా చెప్తుంది: మైదా గంజి. మైదాలో రంగు కోసం ఏదో ఆకు. నాలుక మీద వేసుకుంటే చివర్న ఒక చేదు. ఆ చేదు ఏమిటో ఆమెకు తెలియదు, తెలిసినట్టు ఎవరితోనూ చెప్పలేదు.

ఆ బిగిసిన పోగులు కాగితంలో చుట్టుకుని, బసన్నను వెంటబెట్టుకుని ఆదోని పోయింది. మార్కెట్టు వెనక మేడ మీద గది. అగరొత్తుల వాసన. రాఘవ్ లేచి నమస్కారం పెట్టాడు. నాగవేణి పోగులను బల్ల మీద పెట్టింది.

"ఏమిటమ్మా ఇది?"

"నీ ఆకులప్పా. మా మగ్గానికి బాగా పనికొస్తాయి."

అతను నవ్వాడు. పిల్ల సంగతి విన్నాక కూడా ఆ నవ్వు పూర్తిగా పోలేదు. "ఒక చెంచా అని రాసుంది. రెండు వేసింది మీరు. తప్పు ఎవరిదమ్మా?"

అది నిజం. ఆ నిజం అతని నోట్లోంచి వినాల్సి వచ్చింది.

"తప్పు నాదే. ఆకు ఎక్కువ తింటే పిల్ల ఎందుకు స్పృహ తప్పుతాది? అది సెప్పు."

"మెదడుకు విశ్రాంతి అమ్మా అది. చూడండి, కోపం వద్దు." అతను గొంతు తగ్గించాడు. "మీలాంటి అనుభవం ఉన్న తల్లి చెప్తే నలుగురూ వింటారు. ఎమ్మిగనూరులో నేతగాళ్ళ పిల్లలు ఎంతమంది లేరు? మీరే డబ్బాలు పెట్టుకోండి. మీ బడి మేడం కూడా అట్లనే కదా పెట్టుకునేది. డబ్బాకింత అని ఆమె వాటా ఆమెకు పోతాది."

వెనక నిలబడ్డ బసన్న ముందుకు వచ్చాడు. "మా మిల్లులో తూకం కోసం పత్తికి నీళ్ళు కొడతారు" అన్నాడు మెల్లగా. "ఆ నా కొడుకులనే దొంగలనుకుంటాంటి. వాళ్ళు పత్తికే కొట్టిరి." మెట్లు దిగి రోడ్డు మీదకు వచ్చి కాండ్రించి ఉమ్మాడు. మళ్ళీ ఉమ్మాడు.

తర్వాతి సోమవారం నాగవేణి బడికి పోయింది. పొడి ఆపమని సునీత డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ చూపించింది. శ్రీలక్ష్మి మేడం దాన్ని సగం చదివి పక్కన పెట్టింది.

"రెండు వద్దమ్మా, ఒకటే వెయ్యండి. ఇప్పుడే దారిలోకొచ్చింది. ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. అట్లయితే దసరా తర్వాత నేను తీసుకోలేను."

మేడం కుర్చీ వెనక గోడకు కొత్త ఫ్లెక్సీ ఆనించి ఉంది. వచ్చే నెల క్యాంపుది. దాని మధ్యలో అశ్విని. చేతి మీద స్టారు, మెడ కొద్దిగా వంగి, కళ్ళు సగం మూసి. కింద పెద్ద అక్షరాలు: 'నిన్న అల్లరి, నేడు ఏకాగ్రత'.

నాగవేణి ఆ బొమ్మ వైపే చూస్తూ అడిగింది. "ఇది ఎప్పుడు తీసినారు మేడం?"

"పది రోజుల కింద, శుక్రవారం. బాగుంది కదా? మీ పాపకే పేరు."

"నా బిడ్డ నిద్రపోతాంది దాంట్లో."

"అయ్యో, కళ్ళు ఆర్పినప్పుడు తీసినట్టున్నారు."

"టీసీ రాయండి."

"ఆవేశపడితే ఎట్లా..."

"రాయండమ్మా. అది రాసేదాకా ఈడనే నిలబడతా." పోయి ఫ్లెక్సీ లాగింది, చాపలా చుట్టి చంకలో పెట్టుకుంది. మేడం వద్దనబోయి, ఆమె మొహం చూసి టీసీ పుస్తకం తీసింది.

ఇంటికి వచ్చాక అశ్విని అడిగింది. "మా, పొడి తాగకుంటే స్టారు ఇయ్యరా?"

నాగవేణి చంకలోని ఫ్లెక్సీని నేల మీద పెట్టింది. అంత చిన్న పిల్లకు ఈ బేరం ఎవరు నేర్పారు? తను కాదూ, పాలగ్లాసు పట్టుకుని?

ఆ వారమే మళ్ళీ కర్నూలు పోయి జరిగిందంతా దాచకుండా చెప్పింది. డాక్టరు తిట్టాడు, తిట్టనిచ్చింది. మాత్ర ఇప్పుడే వద్దు, ముందు చెప్పినవి సరిగా చేసి రండి, చాలకపోతే అప్పుడు చూద్దాం అన్నాడు. ఈసారి బసన్నే అడిగాడు. "మాత్ర ఇస్తే దాని పేరు, దాంట్లో ఉండేది రాసిస్తారా సార్?" రాసే ఉంటుంది అన్నాడు డాక్టరు. బసన్న తల ఊపాడు.

ఇంట్లో మగ్గం పక్కన పీట వేసింది. తను జానెడు బట్ట నేసేలోపు అశ్విని రెండు లెక్కలు చెయ్యాలి. చేశాక లేచి పోయి నూలు చుట్టిన కండె తెచ్చివ్వాలి, వీధి చివరిదాకా ఉరికి రావాలి, మళ్ళీ జానెడు. కొన్ని రోజులు నాలుగు జానలు సాగుతాయి. కొన్ని రోజులు మొదటి లెక్కలోనే పెన్సిలు కనబడదు. నాగవేణి గొంతు చించుకుంటుంది. పిల్ల ఏడుస్తుంది. అద్భుతమేమీ జరగలేదు.

దసరా దాకా ఆగలేదు. టీసీ పట్టుకుని మునిసిపల్ బడికి తీసుకుపోయింది. నాలుగో తరగతి శామ్యూల్ సార్ యాభై దాటిన మనిషి, చొక్కా జేబుకు సుద్దముక్క మరకలు. సంగతంతా విన్నాడు. "ముందు బెంచీలో కూసోబెడతా. బోర్డు తుడిసే పని, నోటుబుక్కులు పంచే పని ఈమెకే ఇస్తా. లేసి తిరగాలంటే తిరగనీ. ఏమైతాదో సూద్దాం" అన్నాడు. అంతకుమించి ఏ హామీ ఇవ్వలేదు. చాలా రోజుల తర్వాత నాగవేణి ఒకరి మాటను గబగబా నమ్మింది.

రిజిస్టరులో పేరు రాసుకుంటూ ఆయన తలెత్తాడు. "పాత బడిలో ఎట్లుండేదమ్మా?"

"మొదట్లో తిట్టేవాళ్ళు సార్. చివరి దినాల్లో నిద్రపోతాండె. శానా మంచి పిల్ల అన్నారు."

శామ్యూల్ సార్ కలం ఆపాడు. అప్పటికే అశ్విని బెంచీ ఎక్కి కిటికీ రెక్క తీసి, ఊడిన గడియ చూపిస్తూ, "సార్, ఈ సిలుక ఎందుకు ఊడిపోయింది?" అని అరుస్తోంది.