అత్తయ్యగారి కళ్ళలో నా పాలు

ఎనభైల్లో మేం నిడదవోలులో ఉండేవాళ్ళం. క్యాన్సర్‌కి ఇంజెక్షన్లు చేయించుకుని వచ్చిన మా అత్తయ్యగారికి కళ్ళు ఎర్రబడి నీరు కారసాగాయి. కండ్లకలకే అనుకుని, చంటిపాపకిచ్చే నా పాలే మూడు రోజులు ఆవిడ కళ్ళలో పిండాను. నాలుగోనాడు, మంచమంతా ఎండ పడి ఉండగా, "లైటు వెయ్యమ్మా" అన్నారు.

"కళ్ళల్లో ఏం వేశారమ్మా?" అని ఆస్పత్రిలో డాక్టరుగారు అడిగితే, నా పాలేనని చెప్పాను. "ఈ క్యాన్సర్ మందులకి కళ్ళు మండుతాయండి. క్రిముల్ని తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. ఎర్రబడిన రోజే తీసుకురావాలి. మేమిచ్చే చుక్కలు తప్ప ఇంకేమీ వెయ్యకూడదు" అన్నారాయన.

ఒక కన్నే దక్కింది. అత్తయ్యగారు మాత్రం ఇంటికొచ్చిన వాళ్ళందరితో, "మా కోడలు పాలు వేయబట్టే ఈ కన్నైనా మిగిలిందండి" అని చెప్పుకునేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఎండపడిన ఆ మంచమే కనిపించేది.