తల్లాడ ఎందుకు విడిచినం

సంసోనుకు నలభై ఏండ్లు. సారపాకల వెదురు లారీలు దింపే మనిషి, ఎద్దునన్న లొంగదీసేటట్టుంటడు. గసొంటోడు అన్న ఎబినేజర్‌ను సమాధి చేసి వచ్చిన కాడ్నుంచి ముద్ద మింగలేక వణుకుతున్నడు. వణకడా మరి! అన్నకు జరం లేదు, నొప్పి లేదు. సైకిలు తొక్కుకుంట పోయి పోయి పక్కకు ఒరిగిండు, అంతే. నలభై రెండేండ్లు.

తల్లి ఆరోగ్యమ్మ మూడోనాడే ట్రంకుపెట్టె సర్దుడు మొదలువెట్టింది. "ఈ జాగ మంచిది గాదు బిడ్డా. చర్లకు పోదాం, జల్దీ కానియ్." ఆ ఇంట్ల ఎప్పటికీ అదే తంతు. మనిషి చస్తే కోపం ఊరి మీద.

సంసోను బైబిలు ఎనక తెల్లకాయితం తీసిండు. ఇంట్ల చావులు రాసుకునేది అండ్లనే. తాత మధిరల, నలభై ఒకటి. దున్నుకుంటనే కూలిండు. ఇల్లంత తల్లాడకు వచ్చింది. నాయిన కారేపల్లిల, నలభై. నిలబడ్డ కాడ్నే పడ్డడు. సారపాకకు వచ్చిండ్రు. పాపం, ఊర్లేం చేసినయి? చావును తామే వెంటవెట్టుకొని తిరుగుతున్నరు! ఇగ తన వంతే.

ఆ కాయితం చింపి జేబుల పెట్టుకొని ఖమ్మం దవాఖానాకు ఉరికిండు. డాక్టరు కాయితం చదివి, గుండెకు తీగలు పెట్టి చూసిండు. "ఇది మీ నెత్తుర్ల వస్తున్న జబ్బయ్యా. అందరికీ రాదు, కొందరిల దాగి పిల్లలకు పోతది. నీ గుండె బాగుంది, భయపడకు. ఇంట్లో ఇంకెవరన్నా, చిన్నవాళ్ళు గాని, ఇట్లా పోయారా?"

"లేదు సార్, పోయినోళ్ళంత ఈ కాయితంలనే ఉన్నరు, అందరు నలభై ఏండ్లోళ్ళే" అన్నడు.

బతికిన దేవా అనుకుంట బస్సుల వెక్కివెక్కి ఏడ్చిండు. బస్సు తల్లాడల ఆగినప్పుడు ఒక అనుమానం మొలిచింది. ఇల్లు చేరంగనే అడిగిండు.

"అమ్మా, తల్లాడల ఎవలు చావలేదు గదా. మరి కారేపల్లికి ఎందుకు మారిండ్రు?"

ఆరోగ్యమ్మ మడుస్తున్న చీర పక్కన పెట్టింది. "నీ మేనత్త స్తుతి పోయింది బిడ్డా, నువ్వింక పుట్టలేదు. పదారేండ్లది. బాయిల నీళ్ళు చేదుకుంట చేదుకుంట కూలింది."

"మరి కాయితంల లేదేందమ్మా?"

"పెండ్లిగాని ఆడిపిల్ల. ఎవలు రాస్తర్రా."

సంసోను బిడ్డ మహిమకు మొన్ననే పదారు నిండినయి.

"మహిమ ఏదమ్మా?"

"నీళ్ళకు పోయింది."

సందు చివర బోరింగు కొడుతున్న చప్పుడు ఇంట్లకు వినవస్తున్నది. అది ఆగకముందే చేరాలె దేవా అనుకుంట, చెప్పులు గూడ తొడగకుండ సంసోను ఉరికిండు.