మా బావ అన్‌ఫార్చునేట్లీ

ఆటోనగర్‌లో లారీలకు కమాన్‌కట్టలు బిగించే మా కృపానందం బావకు ఇంగ్లిషులో వచ్చిన పెద్ద మాట ఒక్కటే: అన్‌ఫార్చునేట్లీ. దాన్ని ప్రతి శుభవార్తకూ ముందు తగిలిస్తాడు. ఆపరేషను తర్వాత మా అక్క కోలుకుంటే, అన్‌ఫార్చునేట్లీ మీ చేతుల మీదుగా బతికిందండీ అని డాక్టరుకు దండం పెట్టాడు. డాక్టరు ఏమనుకున్నాడో గానీ అక్క మురిసిపోయింది. ఆమెకూ ఇంగ్లిషు రాదు. నాకు వచ్చు, కానీ బావకు తప్పు చెప్పే ధైర్యం మా ఇంటావంటా లేదు.

కొంప మునిగింది బావ కూతురు, నా మేనకోడలు స్టెల్లా పెళ్లిమాటల రోజున. స్టెల్లా, బెన్నీ ఒకరినొకరు ఇష్టపడ్డారు. బెన్నీ తండ్రి జాన్సన్ గారు రిటైరైన ఇంగ్లిషు లెక్చరరు. బావ ఇస్త్రీ చొక్కా సర్దుకుని లేచి, "అన్‌ఫార్చునేట్లీ మీలాంటి వియ్యంకులు దొరికారండీ" అన్నాడు. జాన్సన్ గారు కొరికిన కాజా పళ్లెంలో పెట్టేసి, ఇష్టం లేకపోతే ముందే చెప్పాల్సిందంటూ వెళ్లిపోయారు. స్టెల్లా వంటింట్లోకి పోయి ఏడ్చింది.

నాకు ఒళ్లు మండింది. ఆ మాట ఎవడు నేర్పాడని బావను నిలదీశాను. చిన్నప్పుడు గుడివాడ సువార్త సభలో ప్రసంగించే తెల్లదొర ఆ మాట అంటే, పక్కన తెలుగు చెప్పే ఇశ్రాయేలు గారు "దేవుని మహా కృపవలన" అన్నారట. తన పేరులోనూ కృప ఉంది గనక గుర్తుండిపోయిందట.

జాన్సన్ గారిని బతిమాలి, బావనూ వెంటబెట్టుకుని, భవానీపురంలో ఇశ్రాయేలు గారింటికి తీసుకెళ్లాను. ఆ మాట సంగతి అడిగితే పెద్దాయన ఏమాత్రం సిగ్గుపడలేదు.

"ఆ మాట నాకూ తెలీదు నాయనా. జనరేటరు గోలలో సగం వినపళ్లా. దొర లైట్లకేసి చెయ్యి చూపిచ్చాడు. దేవుని మహా కృపవలన వెలుగుండగానే రండి అన్నా. జనం ఏడుస్తా స్టేజీ దగ్గరికొచ్చారు. దొర నిజానికి డీజిలు అయిపోతంది, ఇళ్లకు పొండి అన్నాడంట. తర్వాత తెలిసింది."

నాకు నవ్వు ఆగలేదు. జాన్సన్ గారు మాత్రం కళ్లద్దాలు తీసి, ఆ సభ గుడివాడ మునిసిపల్ గ్రౌండులోనా అని నెమ్మదిగా అడిగారు. పెద్దాయన అవునన్నారు.

"ఆ ఏడుస్తా వచ్చినోళ్లలో నేనూ ఉన్నానండీ. యేసును నమ్ముకుని రక్షణ పొందింది అక్కడే. ఇన్నేళ్లూ ప్రతి సంఘంలోనూ ఆ పిలుపు గురించే సాక్ష్యం చెబుతున్నాను."

పాపం, ఆయన ముఖం చూస్తే నాకు నిజంగా జాలేసింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని మా బావ వైపు తిరిగారు.

"పెళ్లి తారీఖు పెట్టుకుందాం పదండి, బావగారూ. ఈ డీజిలు సంగతి మాత్రం మన నలుగురి మధ్యే ఉండనివ్వండి."