నాగక్క తలుపు

కంప్యూటర్ బిల్లులో తప్పుండదనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మా సంసోను సంగతి వింటే మీకూ మండుతుంది.

సంసోను మా పంచాయతీలో నీళ్ళ మనిషి. ములకలపల్లి దాటాక అడవి అంచు గూడేలకు మోటరు వేసేదీ, నల్లాలు బాగుచేసేదీ, బిల్లు రాసి చేతికిచ్చేదీ ఆయనే. చర్చిలో పాట ఎత్తుకునే గొంతు. గూడెం మొదట్లో నిలబడి పిలిస్తే చివరి ఇంటిదాకా వినిపించేది. జనం అడవికో కూలికో పోయి ఉంటే సాయంత్రం మళ్ళీ వచ్చేవాడు.

రెండు వేల ఏడులో బిల్లు పని ఆయన చేతిలోంచి పోయింది. అచ్చువేసి ఇంటికి పంపే బాధ్యత హైదరాబాదులోని ఒక కంపెనీకి అప్పగించారు. ఆ కంపెనీ మనుషులు జీపులో వచ్చి, తలుపుల మీద ఎర్ర రంగుతో నంబర్లు వేసి, వరసగా రాసుకుని వెళ్ళిపోయారు.

మా గూడెంలో ఇల్లు మార్చినా తలుపును వదలరు. మట్టిగోడలు మళ్ళీ పెట్టుకోవచ్చు, టేకు తలుపు మళ్ళీ దొరకదు. ఆ వానాకాలం గోడ కూలితే నాగక్క గూడెం పై చివరన కొత్త ఇల్లు వేసుకుంది. పాత తలుపు మోసుకెళ్ళి అక్కడే బిగించుకుంది. నంబరూ దాంతోపాటే వెళ్ళింది. సంసోను పైపు లాగి నల్లా పెట్టాడు.

బిల్లులు పంచే కొరియర్ మనిషి ఊరికి కొత్త. పాత చోట కూలిన గోడ చూసి, ఇల్లు లేదని రాసి వెనక్కి పంపాడు. ప్రతిసారీ అదే తంతు. డబ్బు కడతానని నాగక్క పంచాయతీ ఆఫీసుకు వెళ్తే, బిల్లు లేకుండా కట్టించుకోవద్దని ఆర్డరుందన్నారు. చివరికి నల్లా తీసేయమని కాగితం వచ్చింది.

సంసోను కార్యదర్శి రవీందర్ దగ్గరికి పరుగెత్తాడు. "సార్, ఇల్లు ఉన్నది. జర పైకి జరిగిందంతే. నేను చూపిస్త."

"నాగక్క నాకు తెల్వదా సంసోనూ? కంప్యూటర్ల నా చెయ్యి లేదు. నంబరున్న తలుపు చూపియ్యిమంటున్నరు."

ఈ మాట చేరిన మర్నాడే నాగక్క తలుపు ఊడదీసి, బండి మీద వేసుకొచ్చి పంచాయతీ గోడకు ఆనించింది. "గిదిగో తలుపు. ఎంతసేపు సూస్తరో సూడుండ్రి!"

రవీందర్ కంపెనీకి ఫోన్ చేశాడు. తమ మనిషి వచ్చి చూసేదాకా తలుపు అక్కడే ఉంచమన్నారు. ఆ మనిషి ఎప్పటికి వస్తాడో చెప్పలేదు. నాగక్క గుమ్మానికి దుప్పటి కట్టుకుంది. మేకలు సరాసరి లోపలికొచ్చి గింజలు తింటుంటే తిట్టుకుంటూ తోలేది. సంసోను ఆఫీసు ముందు నిలబడి అరిచాడు. ఆ గొంతు హైదరాబాదుకు వినపడుతుందా?

ఆఖరికి మనిషి వచ్చాడు. తలుపు చూశాడు, నంబరు రాసుకున్నాడు, గూడెం వైపు తొంగి కూడా చూడకుండా పోయాడు. ఈసారి బిల్లు తప్పకుండా వచ్చింది, నాగక్క పేరు మీదే, పంచాయతీ ఆఫీసుకు. ఆమె ఇల్లు అదేనట! పై చివర నంబరు లేని గుమ్మం దగ్గరున్నది దొంగ నల్లా అట. వెంటనే తీసేయాలట.

తాను బిగించిన నల్లాను సంసోనే విప్పాడు. అంత సిగ్గుపడిన రోజు లేదని నాతో ఎన్నిసార్లో అన్నాడు. విప్పింది ఆఫీసుకు ఇవ్వకుండా నాగక్క చేతిలో పెట్టాడు.

"దాచిపెట్టక్కా. బిల్లు నీ ఇంటికొచ్చిననాడు మళ్ళ నేనే బిగిస్త."

"బిల్లు తలుపుకొచ్చింది గద తమ్మీ," అంది నాగక్క, "నీళ్ళు గూడ దానికే తాగబియ్యిమను."

ఖాళీ బిందె చంకన పెట్టుకుని వాగు వైపు నడిచింది. సంసోను ఇంకో బిందె తీసుకుని వెనకే వెళ్ళాడు.