ఈశాన్యం మూలన తాళం

పార్కు టికెట్టు వెనకవైపు ఏం రాసి ఉంటుందో మీరెప్పుడైనా చదివారా? చదివి ఉండరు. వంకాయను నాలుగుసార్లు తిప్పి, పుచ్చుందేమోనని గిల్లి చూసే మనం, ఆ కాగితాన్ని మాత్రం తీర్థంలా కళ్లకద్దుకుని జేబులో వేసుకుంటాం.

నేను చదివాను. చదివి నమ్మాను. తప్పు అక్కడే జరిగింది.

మా అక్కకు షుగరు. వరంగల్ దాటి ఎక్కడికి బయల్దేరినా ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు మానేస్తుంది. ఎందుకో ఆడవాళ్లకు తెలుసు, మగవాళ్లు అడగరు. పోయిన ఎండాకాలం ఆమెను ఏటూరునాగారం వైపు, అడవి అంచున చెరువును ఆనుకుని ఉన్న సర్కారు పార్కుకు తీసుకెళ్లాను. గేటు దగ్గర టికెట్టు తిప్పి చదివి వినిపించాను: ఈ రుసుము మరుగుదొడ్లు, మెట్లు, తాగునీటి నిర్వహణకే వినియోగించబడును.

"ఇంకేం ఫికరక్కా? రాసిచ్చిండ్రు. కడుపునిండ నీళ్లు తాగు" అన్నాను.

"నువ్వు చెప్తానవు గద, తాగుత" అని సీసా ఖాళీ చేసింది.

చెరువు చుట్టూ తిరిగి మళ్లీ గేటు దగ్గరపడేసరికి ఆమె అడుగు తడబడింది. అదృష్టమనుకున్నాను, ఎదురుగానే మరుగుదొడ్డి. కొత్త రంగు, కొత్త తలుపు. తలుపుకు తాళం. తాళానికి పసుపు, కుంకుమ. పైన బూడిద గుమ్మడికాయ.

గేటు దగ్గరికి పరుగెత్తాను. అక్క నెమ్మదిగా నా వెనకే వచ్చింది.

"తాళంచెవి ఇయ్యి తమ్మీ" అన్నాను టికెట్లిచ్చే మనిషితో.

"అది తియ్యరు సార్. ఈశాన్యంల కట్టిండ్రని వాస్తు చూసేటాయన చెప్పిండు. అది కట్టినంకనే ఒకాయన మెట్ల మీద జారి కాలిరగ్గొట్టుకున్నడు."

"మెట్టు బాగలేదా?"

"ఇరిగున్నది సార్. ఇప్పటికీ గట్లనే ఉన్నది. దోషం పోవాలంటే గేటు మార్చాలన్నరు. దక్షిణం నుంచి తూర్పుకు మార్చిండ్రు."

"దేని పైసలతోని?"

"టికెట్ పైసలే సార్. ఇంకేడియి?"

"మరి ఆడోళ్లు ఏడికి పోవాలె?"

"గంత అడవున్నది గద. అందరు అటే పోతాండ్రు."

అక్క అందుకుంది. "ఓ నాయనా, అడవికి దిక్కులుండయా? నేను ఏ మూలకు కూసోవాల్నో గా వాస్తు ఆయన్నే అడిగి చెప్పు."

అతను పకపకా నవ్వాడు. అక్క నవ్వలేదు.

పొదల వెనక్కి వెళ్లింది. నేను వీపు తిప్పి, గొడుగు అడ్డంపెట్టి కాపలా నిలబడ్డాను. బండి మీద వెళ్తున్న ఇద్దరు ఆగి మరీ చూశారు. అక్క తిరిగొచ్చి రాయి మీద కూర్చుని, చీర అంచుకు గుచ్చుకున్న గడ్డిముళ్లను ఒక్కొక్కటే పీకేసుకుంది.

ఈ సంగతి చెబితే మిత్రులు కొందరు అసలు రుసుమే వద్దన్నారు. అదీ సోమరి వాదమే. చెత్త ఎత్తే మనిషి గాలి తిని బతకదు. మెట్టు దానంతటది అతుక్కోదు. వాడుకునేవాళ్లం ఇవ్వాల్సిందే. కానీ ఇచ్చాక అడగకూడదనే బుద్ధి మనకు హుండీ దగ్గర అబ్బింది. వేసి, దండం పెట్టి, వెనక్కి చూడకుండా వస్తాం. ఆ అలవాటునే పార్కు గేటు దాకా మోసుకొచ్చాం. విరిగిన మెట్టును వదిలేసి గేటును తిప్పినవాళ్లు మూర్ఖులు. ఆ గేటులోంచే నోరు మూసుకుని వెళ్లొస్తున్న మనం అంతకంటే మూర్ఖులం.

మొన్న మళ్లీ రమ్మంటే అక్క, "మీరు పోయి రాండ్రి. నాకు ఇంటికాడనే మంచిగున్నది" అంది. అక్కకు నీళ్లంటే ఇష్టం, చెట్లంటే ఇష్టం. ఆమెను ఇంట్లో కూర్చోబెట్టింది షుగరు కాదు.

ఈసారి మీరు వెళ్లినప్పుడు డబ్బు వెంటనే ఇవ్వకండి. ముందు తాళం తీయమనండి. తీసేదాకా టికెట్ల కిటికీ ముందు నుంచి కదలకండి. వెనక వరుస అరుస్తుంది, అరవనివ్వండి. టికెట్టు తిప్పి వాళ్లకూ చదివి వినిపించండి.