ఊపిరాడే ఒర

ఎడ్లపాడు నన్నే సాహెబ్ కుట్టుకు వంక పెట్టినవాడు లేడు. ఎద్దులకు మెడ పట్టీలు కుట్టాడు, పైరు మేయకుండా మూతికి కట్టే చిక్కాలు అల్లాడు. ఎద్దులు పోయి ట్రాక్టర్లొచ్చాక సంచులు, బెల్టులు కుడుతున్నాడు. పనిమంతులకుండే జబ్బు ఆయనకూ ఉంది. కుట్టులో సూదిమొనంత సందు కనబడితే అన్నం సయించదు.

భార్య కరీమున్ మిర్చి కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తుంది. అక్కడ గదుల్ని చల్లబరిచే గొట్టాల్లో అమ్మోనియా ఉంటుంది. అది లీకైతే అరిచే చిన్న మిషన్ ప్రతివాళ్ళకీ ఇచ్చారు. ఇచ్చి ఏం లాభం? ఛార్జింగ్ పెట్టే చిల్లులో కారం దుమ్ము పేరుకుని సగం మిషన్లు చచ్చి పడుంటాయి. పోయిన వేసవిలో గ్యాస్ లీకైన రోజు కరీమున్ మిషన్ కూడా అరవలేదు. ఆమెను మోసుకొచ్చి బయట పడుకోబెట్టారు. వారం రోజులు కళ్ళు విప్పలేకపోయింది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సూపర్‌వైజర్ సంజీవరావు అప్పుడొచ్చాడు, మిషన్‌కి ఒర కుట్టమని. నన్నే సాహెబ్ నెల్లాళ్ళు దాంతోనే కూర్చున్నాడు. ఛార్జింగ్ పిన్ను ఒర లోపలే ఉండిపోతుంది, చిల్లు బయటపడదు. ఒర వెనక రెండు రాగి బిళ్ళలు. పని దిగాక ఒరతో సహా గోడ మీది కరెంటు కొక్కేనికి తగిలిస్తే చాలు, ఛార్జింగ్ ఎక్కుతుంది. చీర మీద చొక్కా తొడుక్కునే ఆడవాళ్ళకు బెల్టెక్కడిది? అందుకని భుజానికి పట్టీ పెట్టాడు. దుమ్ము చొరకుండా ముందువైపు తోలు మూత బిగించాడు.

మొదటి ఒర కరీమున్ రెండు రోజులు వేసుకుని తిరిగింది. మూడో రోజు సంజీవరావు నన్నే సాహెబ్‌ని పిలిపించి, అందరి ముందూ చిన్న అమ్మోనియా సీసా విప్పి, ఆ ఒర దగ్గర పెట్టాడు. ఘాటుకి మనుషులు దగ్గారు. మిషన్ మాత్రం కిక్కురుమనలేదు. ఒర మీది తోలు మూత తీశాక గానీ అరవలేదు.

"సాయిబు గారూ, దాని ముక్కు మూసేశారండి," అన్నాడు సంజీవరావు మెల్లగా.

నన్నే సాహెబ్ ఆ ఒరను చేతిలోకి తీసుకున్నాడు. రెండు రోజులు తన పెళ్ళాన్ని చేజేతులా చావు గదిలోకి పంపాడు, అదీ మంచి కుట్టు కుట్టానని మురిసిపోతూ.

ఇంటికొచ్చి పనిముట్ల పెట్టె మూసేశాడు. కరీమున్ అటక మీది పాత చిక్కం తెచ్చి ఒళ్ళో పడేసింది.

"ఎద్దు మూతికి కట్టేవాడివి గదయ్యా. ఎప్పుడన్నా ఊపిరాడక చచ్చిందా ఒక్కటన్నా?"

ఆయన చాలాసేపు ఆ వల కళ్ళలో వేలు పెట్టి చూశాడు. తోలు మూత కోసేసి, ఆ చోట సన్నని నైలాన్ దారంతో చిక్కం అల్లాడు. జీవితంలో మొదటిసారి కావాలని సందులు వదిలాడు. ఈసారి సీసా మూత సగం విప్పీ విప్పకముందే మిషన్ షెడ్డు అదిరేలా అరిచింది. అందరూ చెవులు మూసుకుంటే ఆయన మూసుకోలేదు.

ఇప్పుడు అక్కడ అందరికీ అవే ఒరలు. అయినా రోజూ పొద్దున కరీమున్ ఆటో ఎక్కేముందు ఆయన వంగి, చిక్కం మీద దుమ్ము ఊదుతాడు.

"ఊపిరాడుతుందా?"

"ఆడుతుందిలేవయ్యా, వదులు. ఆటో వెళ్ళిపోద్ది," అంటుంది. ఆయన ఇంకోసారి ఊది గానీ వదలడు.